గ్యాస్ బాయిలర్‌లో మంట సరిచూడటం: డెల్టా గాలికి తగ్గట్టు బర్నర్ సెట్ చేసే పద్ధతి

డిసెంబరులో ఒక రోజు, తెల్లవారుజామున ఐదింటికి, భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో బర్నర్ సెట్ చేశాను. బయట మంచు కురుస్తోంది. బాయిలర్ రూములో 19 డిగ్రీలు. ఎనలైజర్‌లో చిమ్నీ పొగలో ఆక్సిజన్ 2.5 శాతం, కార్బన్ మోనాక్సైడ్ (మంటకి గాలి చాలకపోతే పుట్టే విషవాయువు) 20 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో ఇరవై, వచ్చాయి. ఇంతకన్నా బాగా ఎవరూ సెట్ చేయలేరనుకుని కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను.

రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం ఫోనొచ్చింది. రొయ్యలు ఉడికించే కుక్కర్ దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకి తలనొప్పి, వికారం. ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారట. నేను వెళ్లి చిమ్నీలో ప్రోబ్ పెడితే ఆక్సిజన్ 0.6 శాతం ఉంది. కార్బన్ మోనాక్సైడ్ నా మిషన్ చూపగలిగిన 4000 పీపీఎం దాటిపోయింది. చిమ్నీ మొదటి జాయింట్ దగ్గర ప్యాకింగ్ ఊడి ఆ గ్యాస్ కొంత రూములోకి, అక్కడి నుంచి పక్క సెక్షన్‌లోకి వస్తోంది. బాయిలర్ ఆపించి, తలుపులన్నీ తీయించి, వాళ్లిద్దరినీ ఆసుపత్రికి పంపాం. సాయంత్రానికి కోలుకున్నారు.

బర్నర్ మీద నేను డిసెంబరులో వేసిన ఎర్ర రంగు గుర్తులు అలాగే ఉన్నాయి. ఎవరూ ఏ స్క్రూనీ ముట్టుకోలేదు. మారింది గాలి ఒక్కటే. ఆ రోజు నుంచి నేను ఎక్కడ బర్నర్ సెట్ చేసినా ముందు థర్మామీటర్ చూస్తాను, తర్వాతే ఎనలైజర్ తీస్తాను. రొయ్యల ప్లాంట్లు, హోటళ్లు, ఆసుపత్రి లాండ్రీలు, ఇలా గ్యాస్ మీద ఆవిరో వేడినీళ్లో తయారుచేసే ఎవరికైనా పనికొస్తుందని నా పద్ధతి మొత్తం రాస్తున్నాను. స్క్రూ తిప్పే పని శిక్షణ ఉన్న మనిషిదే. అయితే రీడింగ్ అర్థం చేసుకోవడం మాత్రం బాయిలర్ ఆపరేటర్‌కీ, యజమానికీ కూడా రావాలి.

గాలి లెక్క

ఒక ఘనపు మీటరు సహజవాయువు పూర్తిగా కాలడానికి సుమారు 9.5 ఘనపు మీటర్ల గాలి కావాలి. కచ్చితంగా అంతే ఇస్తే సరిపోదు. గాలీ గ్యాసూ ఎంత కలిపినా మంటలో ఎక్కడో ఒక మూల గాలి అందని చోటు ఉంటుంది, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అందుకే కొంచెం గాలి అదనంగా ఇస్తాం. ఆ అదనం ఎంతో చిమ్నీలో మిగిలిన ఆక్సిజన్ చెబుతుంది. లెక్క సులువు: చిమ్నీలో ఆక్సిజన్ శాతాన్ని, 20.9 (మామూలు గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం) లోంచి అదే ఆక్సిజన్‌ని తీసేస్తే వచ్చినదానితో భాగించి, వందతో గుణించండి. ఆక్సిజన్ 3 అయితే 3 ÷ 17.9, అంటే దాదాపు 17 శాతం అదనపు గాలి. 5 అయితే 31 శాతం. 7 అయితే 50 శాతం. కచ్చితమైన లెక్కలో కొద్ది తేడా వస్తుంది గానీ పని దగ్గర ఇది చాలు.

అసలు చిక్కు ఇక్కడుంది. బర్నర్ ఫ్యాన్ గాలిని బరువు కొలిచి తోయదు, పరిమాణం కొలిచి తోస్తుంది. 19 డిగ్రీల గాలి చిక్కన, 43 డిగ్రీల గాలి పలచన. డిగ్రీలకు 273 కలిపి భాగిస్తే, 292 ÷ 316 అంటే 0.924. ఫ్యాన్ అదే వేగంతో తిరిగినా దాదాపు ఏడున్నర శాతం గాలి తక్కువ పడుతుంది. పైగా మనది డెల్టా. సముద్రం, కాలవలు, చెరువులు, మే నెల ఉక్క. 43 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 45 శాతం ఉంటే, పీల్చే గాలిలో దాదాపు 4 శాతం నీటి ఆవిరే. ఆ 4 శాతంలో ఆక్సిజన్ లేదు. డిసెంబరు తెల్లవారుజామున మంచు పడుతున్నా సరే, చలిగాలి పట్టుకోగల ఆవిరి 2 శాతమే. అంటే ఇంకో 2 శాతం నష్టం.

ఇప్పుడు నా తప్పు లెక్కేయండి. ఆక్సిజన్ 2.5 అంటే అదనపు గాలి సుమారు 13.6 శాతం. 1.136ని 0.924తో, మళ్లీ 0.98తో గుణిస్తే 1.029. అదనం 3 శాతానికి పడిపోయింది. చిమ్నీలో ఆక్సిజన్ 0.6. మిషన్ చూపించినది అచ్చంగా అదే.

తిరగేసి చూస్తే దారి దొరుకుతుంది. మే మధ్యాహ్నం 3 శాతం దగ్గర సెట్ చేసిన బర్నర్, డిసెంబరు తెల్లవారుజామున 4.7 చూపిస్తుంది. దానివల్ల పోయే గ్యాస్ అర శాతం కన్నా కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి వీలైతే ఏప్రిల్, మే నెలల్లో, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య సెట్ చేయండి. చలికాలంలోనే చేయాల్సి వస్తే హై ఫైర్‌లో, అంటే బర్నర్ నిండు మంట మీద, 4.5 నుంచి 5 దగ్గర వదిలేయండి. మాన్యువల్‌లో 3 అని ఉందని ధనుర్మాసంలో పొద్దున్నే 3కి తేవద్దు. ఆక్సిజన్ సెన్సర్ పెట్టి గాలిని తనంతట తానే సరిచేసుకునే కంట్రోల్ ఉన్న బర్నర్లకి ఈ బెడద లేదు. మన దగ్గర చిన్న, మధ్యతరహా బాయిలర్లలో అవి అరుదు.

సంచిలో ఉండాల్సినవి

ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, చిమ్నీ వేడి, రూము వేడి చూపే ఫ్లూ గ్యాస్ ఎనలైజర్; గ్యాస్ ప్రెషర్‌ని మిల్లీబార్లలో చదివే డిజిటల్ మానోమీటర్; సబ్బు నీళ్ల సీసా; స్టాప్ వాచ్ (ఫోనులోది చాలు); చొక్కాకి తగిలించుకునే కార్బన్ మోనాక్సైడ్ అలారం. చివరిది లేకుండా బాయిలర్ రూములోకి అడుగుపెట్టకండి. పనిచేసే చోట గాలిలో అది ఎనిమిది గంటల సగటున 50 పీపీఎం దాటకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం హద్దు పెట్టింది. 800 పీపీఎం ఉన్న గదిలో ముప్పావుగంటకే తల తిరుగుతుంది, రెండు మూడు గంటల్లో ప్రాణం పోతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు.

ఎనలైజర్ లోపలి సెల్స్ మందు బిళ్లల్లాగే గడువు తీరేవి. మామూలుగా రెండు మూడేళ్లు. ఏడాదికోసారి కాలిబ్రేషన్ చేయించండి. మన వాతావరణంలో ముందు పాడయ్యేది నీటి ట్రాప్, ఫిల్టర్. చిమ్నీ గ్యాస్‌లో నీటి ఆవిరి చాలా ఉంటుంది, గొట్టంలో చల్లబడి నీళ్లవుతుంది. అవి సెల్ దాకా వెళ్తే సెల్ పోయినట్టే. ప్రతి అరగంటకీ ట్రాప్ వంపేయండి.

మిషన్ ఆన్ చేసేది బయట, చెట్టుకింద, మంచి గాలిలో. ఆన్ చేసినప్పుడు అది చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ 20.9, కార్బన్ మోనాక్సైడ్ సున్నా అనుకుంటుంది. బాయిలర్ రూములో ఆన్ చేస్తే అక్కడున్న కార్బన్ మోనాక్సైడ్‌ని సున్నాగా తీసుకుని ఆ తర్వాత అన్నీ తక్కువే చూపిస్తుంది. జీరో అయ్యాక ప్రోబ్ మొనని వేలితో మూయండి. పంపు గొంతు పట్టినట్టు మూలగాలి. మూలగలేదంటే గొట్టంలో ఎక్కడో చిల్లు ఉంది, అక్కడి నుంచి బయటి గాలి కలుస్తోంది. ఆ రీడింగ్‌తో బర్నర్ సెట్ చేస్తే లేని గాలి ఉన్నట్టు కనిపించి మనిషిని మోసం చేస్తుంది.

స్క్రూ ముట్టుకోకముందు

చాలామంది వచ్చీ రాగానే ప్రోబ్ పెట్టి స్క్రూ తిప్పడం మొదలెడతారు. మురికి ఫ్యాన్ మీద సెట్ చేసిన బర్నర్, ఫ్యాన్ కడిగిన మర్నాడే తప్పుతుంది. ముందు శుభ్రం చేయాలి.

మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ కాక్ మూసి, బర్నర్ తెరవండి. ఫ్యాన్ రెక్కల లోవంపులు వేలితో తడిమి చూడండి. పక్కన రైస్ మిల్లు ఉంటే ఊక దుమ్ము రెక్కలకి గట్టిగా పేరుకుని ఉంటుంది. తొలకరి వానల తర్వాత అయితే దీపాలకి వచ్చే పురుగులు గాలి జల్లెడ నిండా ఉంటాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో, నరసాపురం, అంతర్వేది వైపు, ఉప్పుగాలికి డ్యాంపర్ (గాలి దారిని తెరిచి మూసే రేకు) కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. దాన్ని కదిపే సర్వో మోటారు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, డ్యాంపర్ మాత్రం సగంలో ఆగిపోతుంది. చేత్తో కదిపి చూడండి. రెగ్యులేటర్‌కి గాలి పీల్చుకునే చిన్న రంధ్రం ఉంటుంది. కందిరీగలు అందులో మట్టిగూడు కట్టడం నేను మూడు నాలుగుసార్లు చూశాను. ఆ రంధ్రం మూసుకుంటే గ్యాస్ ప్రెషర్ నిలకడగా ఉండదు, మీరు ఎంత సెట్ చేసినా వృథా.

బర్నర్ తలలో గాలినీ గ్యాస్‌నీ కలిపే డిఫ్యూజర్ ప్లేటు వంగిందా, కాలిందా, ఇగ్నిషన్ ఎలక్ట్రోడ్ పింగాణీ పగిలిందా, ఫ్లేమ్ సెన్సర్ అద్దం మసకబారిందా చూడండి. చిమ్నీ జాయింట్లన్నీ చూడండి. నా అనుభవం తర్వాత ఈ పనిని నేను ఎప్పుడూ ఆపరేటర్‌కి వదిలేయను.

తర్వాత రూము. యాభై ఘనపు మీటర్ల గ్యాస్ కాల్చే బర్నర్ గంటకి దాదాపు 570 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. ఆ గాలి వచ్చే దారి ఎక్కడ? రొయ్యల ప్లాంట్లలో పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉంటాయి. బాయిలర్ రూముకీ ప్రాసెసింగ్ హాలుకీ మధ్య తలుపు తెరిచి ఉంటే అవి బాయిలర్ రూము గాలిని కూడా లాగేస్తాయి. వాన జల్లు పడుతుందనో దోమలనో వెంటిలేటర్లకి గోనెసంచులు కట్టడం ఇంకో అలవాటు. పరీక్ష ఎప్పుడూ కష్టకాలంలోలా చేయాలి: ప్లాంటు ఫ్యాన్లన్నీ ఆన్, బాయిలర్ రూము తలుపులు మూసి. తలుపు తీస్తే ఆక్సిజన్ అర శాతం పెరిగిందంటే రూముకి గాలి చాలడం లేదు. బర్నర్ సెట్టింగ్‌తో దాన్ని కప్పిపుచ్చకండి, గోడకి కన్నం పెట్టించండి.

గ్యాస్ వైపు

ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాయండి. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి వచ్చిన గ్యాస్ తెల్లవారుజామున అంటుకుని ఇరవైమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఊరు మన మధ్యే ఉంది. సహజవాయువుకి దానంతటదిగా వాసన లేదు, ఊళ్లలోకి ఇచ్చే లైన్లలో వాసన మందు కలుపుతారు. ముక్కుని నమ్ముకోకుండా నురగని నమ్మండి.

మానోమీటర్‌ని బర్నర్ ముందున్న టెస్ట్ పాయింటుకి కట్టండి. బర్నర్ ఆగి ఉన్నప్పటి ప్రెషర్, హై ఫైర్‌లో నడుస్తున్నప్పటి ప్రెషర్, రెండూ రాసుకోండి. ఆగినప్పటి ప్రెషర్ మెల్లగా పైకి పాకుతుంటే రెగ్యులేటర్ సీటు కారుతోంది. నడుస్తున్నప్పుడు బాగా పడిపోతుంటే ఫిల్టర్ మూసుకుంది లేదా పైపు సన్నం. ఎంత ఉండాలన్నది బర్నర్ నేమ్ ప్లేట్ చెబుతుంది, ఊహించి పెట్టకండి.

తర్వాత మీటరు దగ్గర నిలబడి, హై ఫైర్‌లో ఒక ఘనపు మీటరు తిరగడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టండి. 72 సెకన్లనుకుందాం. 3600 ÷ 72 అంటే గంటకి 50. ఇది మీటరు దగ్గరి ప్రెషర్, వేడి ప్రకారం ఉన్న లెక్క. మీటరు దగ్గర 100 మిల్లీబార్ ఉంటే 1113 ÷ 1013తో గుణించాలి. మనది సముద్రమట్టానికి ఆనుకున్న నేల కాబట్టి 1013 అనుకోవచ్చు. గ్యాస్ 35 డిగ్రీల దగ్గరుంటే 288 ÷ 308తో గుణించాలి. మొత్తం 51.4 స్టాండర్డ్ ఘనపు మీటర్లు. ఒక్కోదానికి నికరంగా 8,500 కిలో క్యాలరీలు వేసుకుంటే 4.37 లక్షలు. గంటకి 750 కిలోల ఆవిరి ఇచ్చే బాయిలర్‌కి దాదాపు 4.5 లక్షలు కావాలి కాబట్టి ఇది సరైన చోటే ఉంది. క్యాలరీ విలువని గ్యాస్ కంపెనీ బిల్లులో చూసి వేసుకోండి. మన నేల కింది బావుల గ్యాస్, ఓడల్లో వచ్చే ఎల్ఎన్జీ (ద్రవంగా మార్చిన సహజవాయువు) ఒకేలా ఉండవు. అది మారితే మంట కూడా కొద్దిగా మారుతుంది. సెట్టింగ్‌లో కొంచెం వెసులుబాటు ఉంచమనడానికి ఇది ఇంకో కారణం.

ఈ కొలత చేయకుండా గాలి సరిచేయడం, ఎసట్లో బియ్యం ఎన్ని వేశామో చూడకుండా నీళ్లు పోయడమే. ముందు గ్యాస్ ఎంతో తేలాలి, తర్వాత దానికి గాలి.

హై ఫైర్

బాయిలర్ పూర్తిగా వేడెక్కి, ఆవిరి వాడకం నిలకడగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. చల్లటి బాయిలర్‌లో చల్లటి గోడలు మంటని చల్లార్చి తప్పుడు రీడింగ్ ఇస్తాయి. ఆవిరి వాడకం లేకపోతే మధ్యలో బర్నర్ ఆగిపోతుంది. కుక్కర్ నడిచే వేళ చూసుకోండి.

ప్రోబ్ పెట్టే రంధ్రం బాయిలర్ దాటాక, చిమ్నీ వ్యాసానికి రెండింతల దూరంలో, బయటి గాలి కలిసే చోటుకి ముందు ఉండాలి. మొనని ముందుకీ వెనక్కీ జరుపుతూ వేడి ఎక్కడ ఎక్కువ చూపిస్తే అక్కడ ఆపండి. అదే గ్యాస్ నడిమధ్య ప్రవాహం. రంధ్రం చుట్టూ సందు మూసేయండి.

ఇప్పుడు ఒక నియమం. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లతో మొదటి రోజే వంద సార్లు చెప్పిస్తాను: పెంచేటప్పుడు ముందు గాలి, తర్వాత గ్యాస్. తగ్గించేటప్పుడు ముందు గ్యాస్, తర్వాత గాలి. ఏ క్షణంలోనూ మంటకి గాలి కొరత రాకూడదు.

మొదటి రీడింగ్ ఏమీ ముట్టుకోకుండా రాసుకోండి. వచ్చినప్పటి స్థితి కాగితం మీద లేకపోతే, తర్వాత మీరు చేసిన మేలు ఎవరికీ తెలియదు, చేసిన కీడు మీకూ తెలియదు.

తర్వాత గాలిని చాలా కొద్దికొద్దిగా తగ్గించండి. తిప్పిన ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగండి. ఎనలైజర్ గొట్టంలోంచి గ్యాస్ వచ్చి సెల్‌కి తగిలి నిలబడటానికి అంత సమయం పడుతుంది. ఆక్సిజన్ 6, 5, 4 అని దిగుతుంటే కార్బన్ మోనాక్సైడ్ 10, 10, 15 అని కదలకుండా ఉంటుంది. ఒక చోటికి వచ్చేసరికి ఉన్నట్టుండి 40, 120, 400 అని లేస్తుంది. దాన్ని నేను మోకాలు అంటాను, గీత గీస్తే అలాగే వంగుతుంది. మంచి బర్నర్‌లో ఆ మోకాలు 1.5 శాతం ఆక్సిజన్ దగ్గర వస్తుంది, పాతదాంట్లో 3 దగ్గరే రావచ్చు. మోకాలు ఎక్కడుందో చూసిన వెంటనే గాలి పెంచి వెనక్కి రండి. అక్కడే నిలబడి ఆలోచించకండి.

మోకాలికి కనీసం 1.5 శాతం పైన ఉండటం వేసవి మధ్యాహ్నపు సెట్టింగ్. చలికాలం పొద్దున్న అయితే 3 శాతం పైన. అలా చూస్తే మామూలుగా వేసవిలో ఆక్సిజన్ 3 నుంచి 3.5, కార్బన్ మోనాక్సైడ్ 50 పీపీఎం లోపు వస్తుంది. సహజవాయువుకి కార్బన్ డయాక్సైడ్ దాదాపు 10 శాతం కనిపిస్తుంది. అదనపు గాలి అసలు లేకుండా కాలితే వచ్చే పరిమితి 11.7. ఎల్‌పీజీ అయితే పరిమితి 14కి దగ్గర, అంటే అదే ఆక్సిజన్‌కి 11.5 పైన కనిపిస్తుంది. ఎనలైజర్‌లో ఏ గ్యాస్ ఎంచుకున్నారో చూసుకోండి.

రెండు రీడింగులు పోల్చేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌ని నేరుగా పోల్చకండి. గాలి ఎక్కువ కలిస్తే పీపీఎం పలచనై తక్కువ కనిపిస్తుంది. 20.9ని, 20.9 లోంచి ఆక్సిజన్ తీసేసినదానితో భాగించి గుణించండి. ఆక్సిజన్ 7 దగ్గర 80 పీపీఎం అంటే నిజానికి 120.

మంట రంగు చూసి చెప్పేవాళ్లు మన దగ్గర చాలామంది. పసుపు మంట, ఊగే మంట తప్పని చెప్పడానికి కన్ను పనికొస్తుంది. నీలం మంట మంచిదని చెప్పడానికి పనికిరాదు. 20 పీపీఎం మంటా నీలమే, 900 పీపీఎం మంటా నీలమే కావచ్చు.

లో ఫైర్, మధ్య మెట్లు

లో ఫైర్‌లో, అంటే అతి తక్కువ మంట మీద, ఫ్యాన్ గాలి నెమ్మదిగా వస్తుంది, సరిగ్గా కలవదు. అందుకే ఇక్కడ 5 నుంచి 6.5 శాతం ఆక్సిజన్ దగ్గర ఉంచుతాం. ఇక్కడ పిసినారితనం వద్దు, బర్నర్ అంటుకునేది ఈ చుట్టుపక్కలే. మోకాలు ఎక్కడుందో ఇక్కడా అలాగే వెతకండి.

అవసరాన్ని బట్టి మంటని పెంచుకుని తగ్గించుకునే మాడ్యులేటింగ్ బర్నర్‌కి మధ్యలో ఐదో పదో మెట్లు ఉంటాయి. క్యామ్ మీద స్క్రూలతో సెట్ చేసే రకంలో ఒక మెట్టు కదిపితే పక్క మెట్టు కొంచెం కదులుతుంది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రెండు సార్లు నడపండి. పైకి వెళ్లేటప్పుడు, కిందికి వచ్చేటప్పుడు ఒకే మెట్టు దగ్గర ఆక్సిజన్ తేడా ఒక శాతం దాటితే లింకేజ్ కీళ్లలో లూజు ఉంది, మార్చండి. మధ్య మెట్లని తొందరపడి వదిలేస్తారు గానీ బాయిలర్ రోజంతా ఉండేది అక్కడే.

రీడింగ్ చెప్పే మాట

ఆక్సిజన్ తక్కువ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ అయితే గాలి చాలడం లేదు, మామూలు సంగతి. రెండూ ఎక్కువగా ఉంటేనే ఆలోచించాలి. డిఫ్యూజర్ వంగి గాలి, గ్యాస్ కలవకపోవచ్చు, మంట ఫర్నేస్ గోడకి తగిలి చల్లారుతుండవచ్చు, లేదా గాలి మరీ ఎక్కువై మంట బర్నర్ నోటి నుంచి ఎగురుతుండవచ్చు. దాన్ని స్క్రూతో సరిచేయలేరు, బర్నర్ తెరవాల్సిందే. ఆక్సిజన్ నిమిషానికొకటిగా ఊగుతుంటే గ్యాస్ ప్రెషర్ చూడండి, తర్వాత చిమ్నీ టోపీ చూడండి. తుపాను వెళ్లిన తర్వాత టోపీ ఒరిగి ఉండటం మన కోస్తాలో ఎప్పుడూ ఉన్నదే.

చిమ్నీ వేడి నెలనెలా పెరుగుతూ, ఆక్సిజన్ మాత్రం మారకుండా ఉంటే, తప్పు మంటలో లేదు, నీళ్లలో ఉంది. కోనసీమ తీరం వైపు, నరసాపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్లు ఉప్పన. నీళ్ల కాఠిన్యం తీసే సాఫ్ట్‌నర్‌ని సమయానికి రీజనరేట్ చేయకపోతే (ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ పనికి తేకపోతే) ట్యూబుల మీద పొలుసు కడుతుంది, వేడి నీళ్లలోకి పోకుండా చిమ్నీలోకి పోతుంది. చిమ్నీలో 20, 22 డిగ్రీలు పెరిగితే గ్యాస్ ఖర్చు ఒక శాతం పెరిగినట్టు. బర్నర్ మనిషి నీళ్ల గురించి అడగడమేంటని కొందరు ముఖం చిట్లిస్తారు. అడగాలి.

మిగిలేదెంతో యజమానికి లెక్క కట్టి చూపించండి. చిమ్నీ వేడి లోంచి రూము వేడి తీసేయండి. 0.66ని, 21 లోంచి ఆక్సిజన్ తీసేసినదానితో భాగించి, 0.009 కలపండి. రెండూ గుణిస్తే చిమ్నీలో పోయే నష్టం శాతంలో వస్తుంది. ఇది సహజవాయువుకి, నికర క్యాలరీ విలువ మీద. చిమ్నీ 210, రూము 34, ఆక్సిజన్ 7 అయితే నష్టం 9.9. సెట్ చేశాక చిమ్నీ 190, ఆక్సిజన్ 3.5 అయితే 7.3. రోజుకి 800 ఘనపు మీటర్లు కాల్చే చోట ఇది దాదాపు 22 ఘనపు మీటర్ల మిగులు. నెలకి ఎంతో వాళ్లే లెక్కేసుకుంటారు. ఇంకా తగ్గించమని అడిగితే మాత్రం ఒప్పుకోకండి. ఆక్సిజన్ 3.5 నుంచి 2కి తెస్తే మిగిలేది అర శాతం. ఆ అర శాతం కోసం నేను ఇద్దరు మనుషుల్ని ప్రమాదంలో పెట్టాను.

చిమ్నీ వేడిని మరీ కిందికి తేవడం కూడా తగదు. సహజవాయువు చిమ్నీ గ్యాస్ 55 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. కండెన్సింగ్ రకం కాని బాయిలర్, ఇనుప చిమ్నీ అయితే ఆ నీళ్లు లోపలి నుంచి తినేస్తాయి.

ఎల్‌పీజీ బ్యాంకు మీద నడిచే చోట

పైపు గ్యాస్ ఇంకా రాని చోట సిలిండర్ల బ్యాంకు ఉంటుంది. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీద పరుచుకుని కాలవల్లో, గుంటల్లో నిలుస్తుంది. లీకు వెతికేది కింద. సహజవాయువు తేలిక, వెతికేది పైకప్పు కింద. ఎక్కువ గ్యాస్ లాగినప్పుడు సిలిండర్లు చల్లబడి చెమటలు పట్టి ప్రెషర్ పడిపోతుంది. కొత్త సిలిండర్ల మీద పొద్దున్నే సెట్ చేస్తే సాయంత్రానికి మారిపోతుంది. సగం అయిన బ్యాంకు మీద కూడా ఒకసారి రీడింగ్ తీయండి. ఎల్‌పీజీ నుంచి పైపు గ్యాస్‌కి మారేవాళ్లు రెగ్యులేటర్ తిప్పి సరిపెట్టుకోలేరు. నాజిల్ మారాలి, మొత్తం పద్ధతి మొదటి నుంచి చేయాలి.

సేఫ్టీలు

సెట్టింగ్ అయ్యాక ఇవి చేయకుండా ఇంటికి వెళ్లకండి. బర్నర్ నడుస్తుండగా గ్యాస్ కాక్ మెల్లగా మూయండి, తక్కువ ప్రెషర్ స్విచ్ దగ్గరే ఆగాలి. ఫ్లేమ్ సెన్సర్ బయటికి తీసి చేత్తో మూయండి, లాకౌట్ కావాలి, అంటే బర్నర్ ఆగి రీసెట్ నొక్కేదాకా అంటుకోకూడదు. గాలి జల్లెడని అట్టతో కొద్దికొద్దిగా మూస్తూ, మరో కన్ను ఎనలైజర్ మీద ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్ 1000 పీపీఎం దాటకముందే ఎయిర్ ప్రెషర్ స్విచ్ బర్నర్‌ని ఆపాలి, లేదంటే స్విచ్ పాయింట్ పెంచండి. నీటి మట్టం తక్కువైతే ఆగుతోందా, ఆవిరి ప్రెషర్ హద్దు దగ్గర ఆగుతోందా చూడండి. ఆగిన తర్వాత మళ్లీ అంటుకునే ముందు ఫ్యాన్ పూర్తి పర్జ్ ఇస్తోందా (లోపల మిగిలిన గ్యాస్‌ని ఊదేస్తోందా), ఎవరైనా ఆ సమయం తగ్గించారా చూడండి. లాకౌట్ అయిన బర్నర్‌ని రీసెట్ బటన్ నొక్కి నొక్కి అంటించే అలవాటు ఆపరేటర్‌కి ఉంటే కూర్చోబెట్టి చెప్పండి: ఒక్కసారి నొక్కాలి, మళ్లీ పోతే మనిషిని పిలవాలి. ఫర్నేస్‌లో పోగైన గ్యాస్ ఒకేసారి అంటుకుంటే బాయిలర్ తలుపు గోడ దాకా ఎగురుతుంది.

ఆవిరి బాయిలర్ అయితే తనిఖీ, ఆపరేటర్ సర్టిఫికెట్ చట్టం ప్రకారం తప్పనిసరి. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా ఆ బాధ్యత యజమాని మీద అలాగే ఉంది.

కాగితం

తేదీ, గంట, రూము వేడి, తేమ, బర్నర్‌కి ముందు గ్యాస్ ప్రెషర్, మీటరు సెకన్లు, ప్రతి మెట్టు దగ్గర ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, చిమ్నీ వేడి, ముందువీ తర్వాతవీ, మోకాలు ఎక్కడ వచ్చిందో. రూము వేడిని మొదటి గడిలో పెట్టండి, చాలా ఫారాల్లో అసలు ఆ గడే ఉండదు. స్క్రూల మీద రంగు చుక్క వేయండి. ఒక కాపీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ప్యానెల్ తలుపు లోపల అతికించండి.

మళ్లీ రెండు తేదీలు రాయండి: ఒకటి మే మూడో వారంలో మధ్యాహ్నం, రెండోది సంక్రాంతి ముందు వారంలో పొద్దున్న. మేలో హై ఫైర్ దగ్గర ఆక్సిజన్ 2.5 కిందికి వస్తే గాలి పెంచాలి. సంక్రాంతికి అదే హై ఫైర్ దగ్గర 6 దాటితే ఏదో పాడైంది, వెతకాలి. రెండింటి మధ్య ఉంటే ఏమీ ముట్టుకోకండి. ప్రోబ్ రంధ్రానికి ప్లగ్ బిగించి, చిమ్నీ జాయింట్ల దగ్గర మీ అలారంని మరోసారి తిప్పి చూసి, రీడింగ్ సున్నా అని ఆపరేటర్‌కి చూపించి, అతని చేత కూడా సంతకం పెట్టించుకోండి.